కెప్టెన్ బ్రీజ్ నోరు మూసుకున్నాడు

"ఆ పెట్టె నా పడవ ఎక్కదు."

ఒరిన్ బైనో తలెత్తి చూశాడు. బెక్వే దీవి రేవులో చెక్కవంతెన చివర ఒక అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఎండకి రంగు వెలిసిన టోపీ, మోచేతుల దాకా మడిచిన చొక్కా, కాళ్ళకి చెప్పుల్లేవు. ఆమె వెనక తెల్లటి తెరచాప పడవ కట్టుతాళ్ళని గుంజుకుంటూ ఊగుతోంది.

"మెత్తటి సంచీలో బట్టలు తెచ్చుకోమని మెసేజ్ పెట్టాంగా? ఈ చక్రాల పెట్టెని ఎక్కడ పెట్టమంటారు, నా నెత్తి మీదా? పడవ ఒరిగినప్పుడల్లా ఇది లోపల షికార్లు చేస్తుంది. ఆ బూట్లు కూడా విప్పండి. డెక్ అంతా నల్ల గీతలు పడతాయి."

ఒరిన్‌కి రోషం వచ్చింది. రేడియోలో మాట్లాడి బతికే మనిషి. ఎదుటివాళ్ళ నోరు మూయించడం అతనికి చిటికెలో పని. మంచి జవాబొకటి నాలిక చివరికి వచ్చేసింది కూడా.

సరిగ్గా అప్పుడే, పక్క పడవలో చేపలు శుభ్రం చేస్తున్న పెద్దమనిషి గట్టిగా అరిచాడు.

"ఏం బొంగరం! ఈ ట్రిప్పులో ఎన్ని చుట్లు?"

ఆ అమ్మాయి నవ్వింది. పెదాలతో మాత్రమే నవ్వింది. "నీ వలకి ఎన్ని చిల్లులున్నాయో అన్ని, అంకుల్!"

ఒరిన్ నాలిక మీది జవాబు అక్కడే ఎండిపోయింది.

బొంగరం. ఆ పేరు పెట్టింది తనే.

పోయిన ఈస్టర్‌కి బెక్వేలో జరిగిన పడవ పందేలను చుట్టుపక్కల దీవులన్నీ రేడియోలో విన్నాయి. చెప్పింది కెప్టెన్ బ్రీజ్, అంటే ఒరినే. అతని మొహం ఎవరికీ తెలియదు కానీ ఆ గొంతు తెలియని ఇల్లు సెయింట్ విన్సెంట్‌లో లేదు. ఆరోజు ఆఖరి మలుపు దగ్గర అందరికన్నా ముందున్న నీలం పడవ, తిరగబోయి, ముక్కు గాలికి ఎదురుగా పెట్టి ఆగిపోయింది. తర్వాత వెనక్కి జారింది. తర్వాత ఒక పూర్తి చుట్టు తిరిగింది. ఈలోగా వెనక పడవలన్నీ దాన్ని దాటుకుపోయాయి. బీచిలో నీడన కూర్చుని, చేతిలో చల్లటి గ్లాసుతో, బైనాక్యులర్స్‌లోంచి చూస్తూ కెప్టెన్ బ్రీజ్ ఇలా అన్నాడు.

"అయ్యయ్యో! మన కెజయా టానిస్ పందెం మర్చిపోయి బొంగరం ఆడుకుంటోందండీ! అమ్మాయీ, తాడు చుట్టి ఇంకోసారి వదులు!"

బీచి బీచంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు అతనికి ఎంత నచ్చిందంటే, మర్నాడు మళ్ళీ అన్నాడు. వారం తర్వాత ఇంకో కార్యక్రమంలోనూ అన్నాడు.

అసలు సంగతేమిటంటే, కెప్టెన్ బ్రీజ్ జీవితంలో ఎప్పుడూ చుక్కాని పట్టలేదు. మాటలన్నీ వినికిడి సరుకు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, బండి నడిచిపోయింది. కానీ స్టేషన్ మేనేజర్‌కి కొత్త ఆలోచన పుట్టింది. "వచ్చే ఈస్టర్‌కి నువ్వు పందెం పడవలోనే కూర్చుని చెప్పాలి. మధ్యలో కాసేపు చుక్కాని కూడా పట్టు. జనం పడిచస్తారు!" అందుకే ఒరిన్ ఎవరికీ చెప్పకుండా డిసెంబర్‌లో సెలవు పెట్టి, తెరచాప నడపడం నేర్పే ఈ ప్రయాణానికి వచ్చాడు. నేర్పేది ఎవరని అడగాలని తోచలేదు.

"ఏదో అనబోయినట్టున్నారు?" అంది కెజయా.

ఒరిన్ మెడ పట్టుకుని, గాలి తప్ప గొంతు లేకుండా గుసగుసలాడాడు. "జలుబు. గొంతు పోయింది."

"అయ్యో, గాలుల కాలం కదా." ఆమె మొహం మెత్తబడింది. "సరే, పెట్టె ఆఫీసులో పెట్టండి. నా సంచీ ఒకటి ఇస్తాను."

ఆ సంచీ అందుకుంటుంటే ఒరిన్ చెవులు కాలిపోయాయి.

పడవలో ఇంకో ఇద్దరున్నారు. జార్జ్‌టౌన్‌లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన టీచర్ మర్టిల్, ఆమె భర్త సిల్వన్. సిల్వన్‌ది ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోయే స్వభావం. టీచర్‌ది ఎవరినీ నిద్రపోనివ్వని స్వభావం.

"గొంతు పోయిందా? ఏదీ, నోరు తెరు బాబూ. ఆ అను." ఆమె కళ్ళజోడు సవరించుకుని ఒరిన్ నోట్లోకి తొంగిచూసింది. "ఎర్రగా లేదే!"

"లోపల..." అన్నాడు ఒరిన్ గుసగుసగా.

"లోపలైతే కషాయమే." టీచర్ తన సంచీలోంచి అల్లం, నిమ్మకాయలు, ఏవో ఎండుటాకులు తీసింది. అది చేదా, ఘాటా, పులుపా అన్నది తాగిన తర్వాత కూడా ఒరిన్‌కి తెలియలేదు. కళ్ళవెంట నీళ్ళు మాత్రం కారాయి.

"పని చేస్తోంది," అంది టీచర్ తృప్తిగా.

* * *

ఏటా డిసెంబర్‌లో జోరుగా వీచే క్రిస్మస్ గాలులు ఆ ఏడాది ముందే వచ్చాయి. బెక్వే కొండ చాటు దాటగానే పడవ ఒక్కసారిగా పక్కకి ఒరిగింది. కెజయా పెద్ద చాపని ఒక మడత తగ్గించి కట్టింది.

"ఈ గాలికి పూర్తి చాప ఎందుకు? బింకం తప్ప వేగం రాదు," అని, ఒరిన్‌ని పిలిచి చక్రం ముందు నిలబెట్టింది. "పట్టుకోండి. అంత గట్టిగా కాదు, అదేం పారిపోదు. ఆ ముందు చాప మీద ఊలు దారాలు కనిపిస్తున్నాయా? అవి రెండూ చక్కగా వెనక్కి ఎగురుతుంటే మనం బాగా వెళ్తున్నట్టు. ఒకటి గిలగిల్లాడిందంటే పడవకి ఏదో నచ్చలేదన్నమాట."

ఒరిన్ దారాలు చూశాడు. తర్వాత అలలు చూశాడు. అలలు చూడకుండా ఉండాల్సింది. పొద్దున తిన్న వేపుడు రొట్టెలు, ఉప్పుచేప, టీచర్ కషాయం అన్నీ కలిసి పైకి వచ్చాయి. కెజయా ఒక చేత్తో చక్రం, రెండో చేత్తో అతని చొక్కా కాలర్ పట్టుకుంది.

"గాలి వెళ్ళే వైపు! గాలికి ఎదురుగా కాదు! అయ్యో, చెప్పేలోపే... సిల్వన్ అంకుల్, కాస్త అటు జరగండి."

ఇన్ని పందేల గురించి చెప్పిన కెప్టెన్ బ్రీజ్‌కి గాలి ఎటునుంచి వస్తోందో తెలియలేదు. ఆమె ఇచ్చిన మగ్గుతో మొహం కడుక్కుంటూ అతను తల ఎత్తలేకపోయాడు.

"సిగ్గుపడకండి," అంది కెజయా. "మొదటి రోజు అందరికీ ఇంతే. ఇక్కడ ఎవరూ నవ్వరు."

ఆ ఆఖరి మాట అతనికి సూదిలా గుచ్చుకుంది.

సాయంత్రం కానువాన్ దీవి దగ్గర లంగరు వేశారు. కెజయా చేపలు వేయించింది, కాల్చిన సీమపనస ముక్కలు కోసింది. టీచర్, సిల్వన్ లోపలికి వెళ్ళాక ఒరిన్ గిన్నెలు తుడుస్తూ కూర్చున్నాడు. ఆమె మాట్లాడుతూనే ఉంది. మాట్లాడలేని మనిషి ముందు మాటలు తేలిగ్గా వస్తాయేమో.

"పొద్దున ఆ అంకుల్ నన్ను బొంగరం అన్నాడు, విన్నారుగా? రేడియోలో ఒకడున్నాడు, కెప్టెన్ బ్రీజ్ అని. వాడి పుణ్యం. రొట్టెల కొట్టుకి వెళ్ళినా బొంగరమే, చర్చికి వెళ్ళినా బొంగరమే. చిన్నపిల్లలు నా వెనక గిరగిరా తిరుగుతూ వస్తారు."

ఒరిన్ తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచాడు.

"అదేం పెద్ద విషయం కాదులెండి. పేరు పడితే పడింది. మా నాన్న..." ఆమె ఆగింది. "ఆ నీలం పడవ మా నాన్న తన చేతుల్తో కట్టాడు. దాని పేరు కంఫర్ట్. నాకు పదేళ్ళప్పుడే చుక్కాని నా చేతికిచ్చాడు. ఆ పందెం తర్వాత నాన్న రమ్ము కొట్టుకి వెళ్ళడం మానేశాడు. ఒకరోజు అన్నం తింటూ అన్నాడు, వచ్చే ఈస్టర్‌కి పడవ మీ బావ నడుపుతాడులే అని. నన్ను చూడకుండా పళ్ళెం చూస్తూ అన్నాడు."

ఆమె మొహం తిప్పుకుని మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. ఒరిన్ తల ఊపాడు. ఇంకేం చేయాలో తెలియక మళ్ళీ ఊపాడు.

"మీరు భలే వింటారండీ," అందామె, ముక్కు ఎగబీలుస్తూ నవ్వి. "మధ్యలో అడ్డం రారు, సలహా ఇవ్వరు."

ఆ మెచ్చుకోలుకి ఒరిన్ మింగలేక కక్కలేక కూర్చున్నాడు.

* * *

మర్నాడు టొబేగో కేస్ అనే చిన్న దీవుల వైపు ఎదురుగాలి. పడవ ఏటవాలుగా ఒక పక్కకి కొంత, మళ్ళీ తిరిగి ఇంకో పక్కకి కొంత, అలా మెట్లెక్కినట్టు వెళ్ళాలి. ప్రతి మలుపులోనూ ముక్కు గాలిని దాటాలి.

"ఇప్పుడు మీరు తిప్పండి," అంది కెజయా. "ముందు వేగం రానివ్వండి. వేగం ఉంటేనే—"

ఒరిన్ అప్పటికే తిప్పేశాడు. మధ్యలో ఒక అల ముక్కు మీద ఫెడీమని తగిలింది. పడవ ఆగిపోయింది. చాపలు రెండూ బట్టలుతికినట్టు టపటపలాడాయి. చక్రం చేతిలో చచ్చిపోయినట్టు తేలికైపోయింది. ఎటు తిప్పినా పలకడం లేదు. పడవ మెల్లగా వెనక్కి జారడం మొదలెట్టింది. దూరంలో పగడపు దిబ్బ మీద అలలు తెల్లగా విరుగుతున్నాయి.

ఈ దృశ్యం అతనికి తెలుసు. బైనాక్యులర్స్‌లోంచి ఎంతో చిన్నగా, ఎంతో నవ్వు పుట్టించేలా కనిపించిన దృశ్యం. లోపలినుంచి ఇలా ఉంటుందా?

"కంగారు పడకండి." కెజయా అతని చేతుల మీద తన చేతులు వేసింది. "వెనక్కి పోనివ్వండి. ఇప్పుడు వెనక్కి పోవడమే మనకి దారి. చక్రం అటు తిప్పండి. టీచర్, ముందు చాప తాడు ఇటు లాగండి, అవతలి వైపుకి! అంతే... ముక్కు పడుతోంది చూశారా? పడనివ్వండి... ఇప్పుడు సూటిగా."

పడవ బద్ధకంగా పక్కకి తిరిగింది, చాప నిండింది, కదిలింది.

"నాకు ఆరోజు జరిగింది కూడా ఇదే," అంది ఆమె మామూలుగా. "ఊపు చాలకుండా తిప్పాను. ఆ తప్పు నాదే. తర్వాత ఇలాగే వెనక్కి జార్చి, చుట్టు తిప్పి బయటపడ్డాను. లేకపోతే రాళ్ళ మీదికి పోయేవాళ్ళం. పడవలో ఆరుగురున్నారు."

ఆమె చేతులు ఇంకా అతని చేతుల మీదే ఉన్నాయి. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఆమె గబుక్కున తీసేసి టోపీ సర్దుకుంది.

ఆ మధ్యాహ్నం లంగరు వేసిన చోట వాన కొట్టింది. గాలితో పాటు అడ్డంగా వచ్చే వాన. టీచర్ దంపతులు లోపలికి పరుగెత్తారు. ఒరిన్, కెజయా చాప కప్పే గుడ్డ కిందికి దూరారు. అది ఒకరికి సరిపోయే గుడ్డ. ఆమె జుట్టు మీది వాన చుక్కలు అతని భుజం మీద పడుతున్నాయి.

"మీకు గొంతు వచ్చాక మొదట ఏం మాట్లాడతారు?" అంది ఆమె చిలిపిగా. "నేను పందెం కాస్తాను. నా కూర బాగాలేదని చెప్తారు."

ఒరిన్ ఆమె కళ్ళలోకి చూశాడు. ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే తను మనిషే కాదు.

"కెజయా... నేను..."

లోపలినుంచి టీచర్ తల బయటికి వచ్చింది. "మాట్లాడకు! గొంతుకి విశ్రాంతి ఇవ్వమన్నానా లేదా? ఇంద, కషాయం."

ఒరిన్ తాగాడు. ఆమె అడ్డు రాకపోయినా తను చెప్పేవాడు కాదని అతనికి తెలుసు. కప్పు తిరిగి ఇస్తున్నప్పుడు అతనికి ఒక క్షణం హాయిగా కూడా అనిపించింది. దానికి ఇంకా సిగ్గేసింది.

* * *

యూనియన్ దీవికి వెళ్ళే రోజు గాలి వెనకనుంచి వచ్చింది. ఎండ, నీలం నీళ్ళు, ఊగుతూ పరుగెత్తే పడవ.

"ఇదే అన్నిటికన్నా సుఖంగా అనిపిస్తుంది, ఇదే అన్నిటికన్నా ప్రమాదం," అంది కెజయా. "గాలి మీ వీపు మీదే ఉండాలి. అటూ ఇటూ పోయిందా, పెద్ద చాప అడుగున ఉన్న ఆ అడ్డకర్ర ఈ వైపునుంచి ఆ వైపుకి ఒక్క దెబ్బలో వస్తుంది. దానికి తలలూ అవీ ఏం తెలియవు."

ఒరిన్ ఇప్పుడు బాగానే పట్టుకుంటున్నాడు. ఆమె అతని పక్కనే కూర్చుని నారింజ వొలుస్తోంది. ఒక తొన అతని నోటికి అందించి, "స్టూడెంట్‌కి బహుమతి," అంది.

ఒరిన్ దారాలు చూడాల్సినవాడు ఆమెని చూశాడు. అంతే. పడవ ఒక అల మీదినుంచి జారి పక్కకి తిరిగింది. వీపు మీది గాలి చెవి మీదికి వచ్చింది. చాప అంచు లోపలికి ముడుచుకుంది. సరిగ్గా అప్పుడే సిల్వన్ నిద్రలేచి, ఎగిరిపోతున్న టోపీ కోసం డెక్ మీద లేచి నిలబడ్డాడు.

"సిల్వన్ అంకుల్! తల దించండి! పడుకోండి!"

ఆ కేక యూనియన్ దీవి కొండకి తగిలి తిరిగొచ్చింది. సిల్వన్ ఉన్నవాడు ఉన్నట్టే బోర్లా పడ్డాడు. అడ్డకర్ర అతని వీపు మీదుగా ఈల వేసుకుంటూ పోయి, అవతల ధన్‌మని ఆగింది. పడవంతా అదిరింది. కెజయా ఒక్క దూకుతో చక్రం అందుకుని పడవని నిలబెట్టింది.

సిల్వన్ బోర్లా పడుకునే మెల్లగా తల తిప్పాడు.

"మర్టిల్," అన్నాడు ఆశ్చర్యంగా, "ఇది మన కెప్టెన్ బ్రీజ్ గొంతు కదూ?"

ఒరిన్ కెజయా వైపు చూశాడు. నారింజ తొక్క ఇంకా ఆమె చేతిలోనే ఉంది. చూసి చూసి దాన్ని సముద్రంలోకి విసిరింది.

"చక్రం దగ్గర్నుంచి జరగండి," అంది.

లంగరు వేసేదాకా ఇంకో మాట లేదు. టీచర్ భర్తని పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఒరిన్ వైపు, పరీక్షలో కాపీ కొట్టినవాణ్ణి చూసినట్టు చూసింది.

"నేనెవరో నీకు ఎప్పట్నుంచి తెలుసు?" అంది కెజయా. మర్యాద పోయింది.

"రేవులో, వంతెన మీదే." ఒరిన్ తన సొంత గొంతుతో అన్నాడు. ఆ గొంతు అతనికే అసహ్యంగా వినిపించింది.

"అంటే మా నాన్న సంగతి చెప్తున్నప్పుడు తెలుసు."

"తెలుసు."

"నేను ఏడుస్తుంటే తల ఊపావు."

"ఊపాను."

"నేను నవ్వుతూ, ఈయన ఎంత మంచివాడో అనుకుంటూ... ఛీ!" ఆమె టోపీ తీసి డెక్ మీద కొట్టింది. "నా మీద నాకే సిగ్గేస్తోంది. ఎందుకు చేశావు? ఇంకో జోకు కోసం సరుకు ఏరుకుంటున్నావా?"

"కాదు. భయమేసింది. నేను... కెజయా, నేను అప్పటిదాకా ఎప్పుడూ చుక్కాని పట్టలేదు. నీ పడవలోనే మొదటిసారి."

"ఒక్కసారి కూడా పట్టలేదా? మరి అన్ని మాటలు అన్నావు, మలుపు ఇలా తీసుకోవాలి, తాడు అలా వదలాలి అని?"

"విన్నవి చెప్పాను."

ఆమె నవ్వింది. అతను ఆ నవ్వు మళ్ళీ వినాలనుకోలేదు.

"చూడు," అంది తర్వాత. "నేను తప్పు చేశాను. వేగం లేకుండా తిప్పింది, పందెం పోయింది అని చెప్పుంటే నాకు ఒక్క పూట బాధ. నువ్వు తప్పు గురించి చెప్పలేదు. నన్ను వేలెత్తి చూపించి నవ్వించావు."

"నిజమే. రేడియోలోనే క్షమాపణ చెప్తాను. అందరూ వినేలా—"

"చెప్పావో, చంపేస్తాను! మళ్ళీ ఊరంతా నా గురించేనా? మళ్ళీ కొత్త కథా? నీకు తెలిసిన మంచీ మైకులోనే, చెడ్డా మైకులోనే!"

"మరి ఏం చేయమంటావు?"

"నాకేం తెలుసు? పారబోసింది నువ్వు. ఎలా ఎత్తుతావో నువ్వే చూసుకో."

* * *

తిరుగు ప్రయాణం అంతా ఎదురుగాలి. కెజయా అతన్ని దించేయలేదు. "నేర్పుతానని ఒప్పుకున్నాను. నేర్పుతాను," అంది. చక్రం పట్టుకో, దారాలు చూడు, వదులు, బిగించు. అంతకు మించి ఒక్క మాట లేదు. నారింజ తొనలు టీచర్‌కి, సిల్వన్‌కి మాత్రమే.

ఇప్పుడు గొంతు ఉన్నా ఒరిన్‌తో మాట్లాడేవాళ్ళు లేరు. సిల్వన్ ఒక్కడే రహస్యంగా పక్కకి వచ్చి, "పోయిన ఈస్టర్‌ది ఒకసారి అనవూ, ఆ బొంగరం ముక్క..." అన్నాడు. ఒరిన్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

టీచర్ ఖాళీ కప్పు తెచ్చి అతని ముందు పెట్టింది. "నా అల్లం అంతా తగలేశావు. ఆరోగ్యంగా ఉన్నవాడికి అంత కషాయం పోశాను, చస్తావేమో అని ఇప్పుడు నాకు భయం." తర్వాత గొంతు తగ్గించింది. "ఆ అమ్మాయి చుట్టూ తిరిగి బతిమాలకు. ఆ పిల్ల కోసం కాదు, నీ బరువు దిగడం కోసం బతిమాలుతున్నట్టుంటుంది. ముందు ఆ ఇంట్లో ఏం విరిచావో దాని దగ్గరికి పో."

బెక్వే దగ్గరపడుతుంటే గాలి ఈడ్చి కొడుతోంది. ఒరిన్ వేగం వచ్చేదాకా ఆగాడు. ఒక పెద్ద అల పోనిచ్చాడు, వెనక చదునైన నీళ్ళు చూసుకుని, తొందర లేకుండా తిప్పాడు. ముక్కు గాలిని దాటింది, చాపలు ఒక్కసారి మాత్రం టపమని అవతలికి నిండాయి. దారాలు రెండూ చక్కగా ఎగిరాయి.

"బాగుంది," అంది కెజయా, సముద్రం వైపు చూస్తూ.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఒరిన్‌కి.

రేవులో దిగి అతను తిన్నగా కెజయా వాళ్ళ ఊరు పాజెట్ ఫార్మ్‌కి వెళ్ళాడు. కెజయా తండ్రి అబ్నర్ టానిస్ ఇంటి ముందు బాదం చెట్టు నీడన, నీలం పడవ పలకల మధ్య నీళ్ళు చొరకుండా సుత్తితో నారు కూరుతూ కనిపించాడు. పొట్టి మనిషి, పెద్ద చేతులు.

"నమస్కారం సార్. నా పేరు ఒరిన్ బైనో."

అబ్నర్ సుత్తి ఆగిపోయింది. తలెత్తలేదు. "ఆ గొంతు నాకు తెలుసు."

"తెలిసే ఉంటుంది సార్. ఆ మాట అన్నది నేనే."

"ఎందుకొచ్చావు?"

ఒరిన్ దారంతా కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు. "ఆరోజు నాకు పడవ గురించి ఏమీ తెలియదు సార్. చుక్కాని ఎప్పుడూ పట్టలేదు. ఇప్పుడు మీ అమ్మాయి నేర్పింది. ఆవిడకి జరిగిందే నాకూ జరిగింది. ఆవిడ ఆరోజు తనే బయటపడింది, ఆరుగుర్ని బయటపడేసింది. నేను బయటపడలేకపోయాను, నన్నూ ఆవిడే బయటపడేసింది. అది మీకు చెప్పి పోదామని వచ్చాను. నేను కూసిన కూతలకి ఆవిడ చేతిలో చుక్కాని పోయిందని తెలిసి..." గొంతు నిజంగానే పట్టేసింది. "నాకు చాలా సిగ్గుగా ఉంది సార్."

అబ్నర్ సుత్తి కింద పెట్టి, పలకల మధ్య నారుని వేలితో నొక్కాడు.

"నీకు తెలియదు, కూశావు," అన్నాడు చివరికి. "నేను పుట్టిందే పడవల్లో. ఆ మలుపు దగ్గర నా పిల్ల ఏం చేసిందో నా కళ్ళతో చూశాను. ఎంత బాగా బయటపడిందో నాకు తెలుసు. అయినా పక్కవాళ్ళు నవ్వుతుంటే, ఆ నవ్వు ఎప్పుడు ఆగుతుందా అని చూశాను గానీ, పోయి దాని పక్కన నిలబడలేదు." సుత్తి మళ్ళీ అందుకున్నాడు. "నీ సిగ్గు నువ్వు పట్టుకుపో బాబూ. నాది నాకు చాలినంత ఉంది."

ఒరిన్ సాయంత్రం ఫెర్రీ ఎక్కాడు.

* * *

స్టేషన్ మేనేజర్‌కి అతను ఒకటే చెప్పాడు. "నాకు పడవ నడపడం రాదు. ఎప్పుడూ రాదు. ఇక పందేలు నేను చెప్పను." మేనేజర్ ముందు నవ్వాడు, తర్వాత అరిచాడు, చివరికి అతనికి మరణవార్తలు చదివే పని ఇచ్చాడు. పోయినవారి పేరు, ఊరు, ముద్దుపేరు, వదిలివెళ్ళిన పిల్లలు, మనవలు, చర్చి, సమయం. ఒరిన్ ఒక్కో పేరూ ముందుగా ఇంటివాళ్ళకి ఫోన్ చేసి ఎలా పలకాలో కనుక్కుని చదివేవాడు. శని, ఆదివారాల్లో కింగ్స్‌టౌన్ బయట ఒక చేపల పడవలో సరంగు దగ్గర చాప తాడు పట్టడం నేర్చుకునేవాడు. కెజయాకి ఫోన్ చేయడానికి నంబర్ తీసేవాడు, పెట్టేసేవాడు. జనం వినని చోట, ఒక్క మనిషికి ఏం చెప్పాలో అతనికి తెలియలేదు.

ఈస్టర్ దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం అతను స్టేషన్ మెట్లు దిగుతుంటే, గేటు దగ్గర ఎండలో కెజయా నిలబడి ఉంది. ఈసారి కాళ్ళకి చెప్పులున్నాయి, టోపీ చేతిలో ఉంది.

"మీ గొంతు చావు కబుర్లకి భలే సరిపోయింది," అంది. "మా పిన్ని వింటూ, ఇతను చదువుతానంటే నేను రేపే పోతాను అంటోంది."

ఒరిన్‌కి నవ్వాలో కూడదో తెలియలేదు.

"నాన్న చుక్కాని నాకు తిరిగి ఇచ్చాడు. ఎందుకూ అంటే చాలా రోజులు చెప్పలేదు. నిన్న చెప్పాడు, మీరు వచ్చారని. తను ఏమన్నాడో కూడా చెప్పాడు." ఆమె టోపీ అంచు నలిపింది. "నాన్న నాతో అంత మాట్లాడటం ఈ ఏడాదిలో అదే మొదటిసారి."

"నేను వచ్చింది నీకు తెలియాలని కాదు."

"తెలుసు. అందుకే వచ్చాను." ఆమె గొంతు సవరించుకుంది. "పడవలో నీళ్ళు తోడటానికి మనిషి కావాలి. బకెట్‌తో. నడుం విరిగిపోతుంది, ఎవరూ పేరు కూడా చెప్పరు. వస్తారా?"

"వస్తాను," అన్నాడు ఒరిన్, ఆమె మాట ముగిసీ ముగియకముందే.

పందెం రోజు అతను కంఫర్ట్ పడవ అడుగున మోకాళ్ళ మీద కూర్చుని, పడవ బయట ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించని చోట, నీళ్ళు తోడాడు. ఆఖరి మలుపు వచ్చిందని అతనికి బీచిలో అరుపుల వల్ల తెలిసింది. "బొంగరం! బొంగరం!" ఎవరో పిల్లలు. ఒరిన్ బకెట్ ఒక్క క్షణం ఆగింది. ఆ మాట ఇక తను వెనక్కి తీసుకోలేడు.

"తోడు!" అని అరిచింది కెజయా. ఆమె ముఖం గాలికి ఎదురుగా ఉంది. వేగం వచ్చేదాకా ఆగింది. ఇంకాస్త ఆగింది. తిప్పింది.

నాలుగో స్థానం వచ్చింది. అబ్నర్ నడుం లోతు నీళ్ళలోకి నడిచి వచ్చి, పడవ అంచు పట్టుకుని, అందరూ చూస్తుండగా కూతురిని ఎత్తి ఇసుకలో దించాడు. ఒరిన్ వైపు తిరిగి, "బకెట్ కడిగి లోపల పెట్టు," అన్నాడు. ఆ ఇంట్లో అది ఆశీర్వాదంతో సమానమని కెజయా తర్వాత చెప్పింది.

జనం పల్చబడ్డాక ఇద్దరూ తడి బట్టలతో పడవ పక్కన ఇసుకలో కూర్చున్నారు. ఒరిన్ అరచేతులు బొబ్బలెక్కాయి.

"నువ్వంటే నాకు ఇష్టం కెజయా," అన్నాడు. రేడియో గొంతు కాదు, గుసగుస కాదు. "ఆ మాట అనడానికి నాకు అర్హత లేదని తెలుసు."

ఆమె ఇసుకలో వేలితో ఒక గీత గీసింది.

"నాకూ ఇష్టమే," అంది. "కానీ కోపం పోలేదు. ఆ పిల్లలు అరిచినప్పుడు మళ్ళీ వచ్చింది. ఇష్టమూ కోపమూ రెండూ ఉన్నాయి, ఏం చేయను?"

"ఉండనీ."

"పోవడానికి చాలా రోజులు పట్టొచ్చు."

"ఫెర్రీ రోజూ ఉంది."

ఆమె అతని వైపు ఓరగా చూసింది. అతని చేయి తన చేతిలోకి తీసుకుని, బొబ్బలు చూసి ముఖం చిట్లించింది.

"ఇవాళ ఆఖరి ఫెర్రీ వెళ్ళిపోయింది," అంది. "రేపు మళ్ళీ పందెం. పద, మా పిన్ని ఇంట్లో పడుకుందువుగాని. నువ్వెవరో ముందే చెప్పేస్తాను. తలుపు తీస్తుందో లేదో మాత్రం నాకు తెలియదు."